టెస్టు పెట్టని పుస్తకాలు

చిన్నా,

సంచిలో సకినాల డబ్బా కింద మూడు పుస్తకాలు పెట్టాను, ఈపాటికి చూసే ఉంటావు, "అమ్మ మళ్లీ మొదలుపెట్టింది" అని విసుక్కునే ఉంటావు. ఆదివారం ఫోన్లో చెబుదామంటే నీ వెనకాల లైన్లో పిల్లలు నిలబడి ఉంటారు, నీకేమో ఎప్పుడు పెట్టేద్దామా అని ఉంటుంది. అందుకే రాస్తున్నా.

ముందే చెప్తున్నా, ఇవి ఎప్‌సెట్‌కీ జేఈఈకీ పనికొచ్చేవి కావు. పనికొచ్చేవే అయితే మీ కాలేజీవాళ్లే ఇచ్చి, వాటి మీద కూడా వీకెండ్ టెస్టు పెట్టి, ర్యాంకులు గోడకి అంటించేవాళ్లు. కథల పుస్తకాలు చదివితే మార్కులు పెరుగుతాయని నాతో చాలామంది అన్నారు. పెరిగితే పెరగనీ, నేను పంపింది అందుకు కాదు.

ఎలా ఉన్నావురా అంటే "బాగానే ఉన్నా" అంటావు. టెన్షన్‌గా ఉందా అంటే "కొంచెం". అంతే, ఫోన్ పక్కవాడికి. నువ్వేదో దాస్తున్నావని నాన్న అంటారు గానీ నాకలా అనిపించదు, లోపల జరిగేది ఎలా చెప్పాలో తెలియక ఆ రెండు ముక్కలతో సరిపెడుతున్నావనిపిస్తుంది. పదహారేళ్లకి లోపల తక్కువేం జరగదు. పక్క బెడ్ వాడికి మంచి మార్కులొస్తే కడుపులో ఏదోలా అవుతుంది, వాడేమో నీ ఫ్రెండే, కష్టపడి చదివాడని కూడా నీకు తెలుసు, అయినా అవుతుంది, ఆ తర్వాత అలా అయినందుకు సిగ్గేస్తుంది. ఇంటికి ఎప్పుడు వెళ్తానా అనుంటుంది, తీరా వచ్చాక రెండో రోజుకే మా మీద చిరాకు. ఇదంతా తీసుకెళ్లి "టెన్షన్" అనే ఒక్క డబ్బాలో పడేస్తే ఎట్లారా? మంచి కథలో అసూయ వేరే, భయం వేరే, ఇంటి మీద బెంగ వేరే, దేనికది తెలుస్తుంది. ఎప్పుడో, నువ్వు చూడని ఊళ్లో ఎవరో నీకనిపించిందే అనిపించి రాసిపెట్టారని చదివినప్పుడు, ఓహో నేనొక్కణ్నే ఇలా లేను అని ఒక ఊరట వస్తుంది చూడు, అది నేను చెప్తే రాదు. నేను చెప్తే క్లాసు పీకినట్టుంటుంది.

నా మాట నమ్మవు కాబట్టి ఒక లెక్క చెప్తా. 1988లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు చూస్తే, చదువుకున్న పెద్దవాళ్లు మామూలుగా మాట్లాడుకునేదాంట్లో కంటే పిల్లల పుస్తకాల్లోనే అరుదైన మాటలు ఎక్కువ ఉన్నాయట. అంటే మాతోనో ఫ్రెండ్స్‌తోనో ఎంత మాట్లాడినా కొన్ని మాటలు నీ దాకా రానే రావు, అచ్చులో చదవాల్సిందే. నవలలు చదివితే ఎదుటివాళ్ల మనసు చప్పున తెలిసిపోతుందని కూడా ఒకటి అంటుంటారు. 2013లో సైన్స్ పత్రికలో అలా ఒకటి వచ్చిన మాట నిజమే, కానీ తర్వాత వేరేవాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి ఒక కథ చదివేసి నువ్వు అందర్నీ అర్థం చేసుకునే మహానుభావుడివి అయిపోతావని నేను అనను.

ఇంటికొస్తే నువ్వు రీల్స్ ఎలా తోసేస్తావో చూస్తూనే ఉన్నా, అర నిమిషం నచ్చకపోతే పైకి. హాస్టల్లో ఫోన్ లేకపోవడం ఈ ఒక్క విషయంలో మంచిదే అయింది (మిగతా విషయాల్లో మీ కాలేజీ గురించి నా అభిప్రాయం నీకు తెలుసు, అది మళ్లీ మొదలుపెట్టను). ఈ వయసులో నిద్ర వచ్చే వేళే ఆలస్యమవుతుందట, పడుకోగానే పట్టకపోతే అది నీ తప్పు కాదు. అప్పుడు మర్నాటి టెస్టు తలుచుకుంటూ దొర్లే బదులు నాలుగు పేజీలు తిప్పు, అంతకంటే ఏమీ అడగను.

దసరా సెలవులకి వచ్చినప్పుడు ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ పోదాం. షాపులు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలే, బేరం నాకొదిలెయ్. చిక్కడపల్లి లైబ్రరీకైతే వద్దు, గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్ల మధ్య కుర్చీ దొరకడమే కష్టం. ఆబిడ్స్ నుంచి అటే వెళ్లి సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే పాత లైబ్రరీ చూపిస్తా. 1901లో పెట్టారు, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు లాంటివాళ్లు. నిజాం రాజ్యంలో ఆఫీసులన్నీ ఉర్దూలో నడుస్తున్న రోజులు, బళ్లలో కూడా తెలుగుకి పెద్దగా చోటు లేదు. అలాంటప్పుడు అర్జీలూ ఉపన్యాసాలూ చాలవు, ముందు మనవాళ్లకి మన భాషలో చదువుకునే చోటొకటి ఉండాలి అనుకున్నారు చూడు, నాకు అది ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది. తెలంగాణలో గ్రంథాలయోద్యమం అక్కణ్నుంచే మొదలైంది, 1904లో హనుమకొండలో ఇంకోటి పెట్టారు.

నీ తెలుగు సంగతి కూడా నాకు గుర్తుంది. మార్కులు బాగా పడతాయని సంస్కృతం తీసుకున్నావు, తెలుగు చదవాలంటే ఒత్తుల దగ్గర ఆగుతావు. అందుకే పంపిన మూడింట్లో ఒకటే తెలుగుది, అదీ చిన్న కథలు, ఒక్కోటి నాలుగైదు పేజీలు. నెమ్మదిగానే చదువు, అర్థం కాని మాట వదిలేసి ముందుకెళ్లు, డిక్షనరీ వద్దు. మిగతా రెండు ఇంగ్లీషువి, ఒకటి క్రికెట్ గురించి. యాభై పేజీలకి కూడా నచ్చకపోతే పక్కన పడెయ్, పూర్తి చేశావా అని ఎవరూ అడగరు, నాన్న అడిగితే నాకు చెప్పు.

వార్డెన్ గారితో మాట్లాడాను. స్టడీ అవర్లో కనబడితే తీసేసుకుంటాం, పడుకునే ముందు అయితే పర్లేదు అన్నారు. కాబట్టి ఫిజిక్స్ పుస్తకంలో పెట్టుకుని చదివే తెలివితేటలు చూపించకు. సకినాలు అందరికీ పంచు, నువ్వూ తిను. పోయినసారి నీ తువ్వాలు బదులు ఎవరిదో వచ్చింది, నీది ఎవరి దగ్గరుందో కనుక్కో.

అమ్మ