ఆపిన కారణం ముందు చెప్పించండి

పోలీసు కమిషనర్ గారికి,

మొన్న రాత్రి నా కారు ఆపిన అధికారి టార్చిలైటు నేరుగా ముఖాన వేసి, "ఎక్కడి నుంచి? ఎక్కడికి?" అని గద్దించారు. ఎందుకు ఆపారో చెప్పలేదు. స్టీరింగు మీద నా చేతులు వణికాయి, వెనక సీట్లో పాప ఏడుపు అందుకుంది. చాలాసేపటికి గానీ తెలియలేదు, వెనక లైటు ఒకటి వెలగడం లేదని! ఆ ఒక్క మాట మొదటే చెప్పి ఉంటే మా గుండెలు కుదుటపడేవి.

కాలిఫోర్నియాలో 2024 జనవరి 1 నుంచి, ప్రశ్నలు మొదలుపెట్టక ముందే ఆపిన కారణం చెప్పాలన్నది చట్టం. చలానా రాస్తే అందులోనూ ఆ కారణం ఉండాలి. ప్రాణానికో ఆస్తికో తక్షణ ముప్పు ఉందనుకుంటేనే మినహాయింపు.

రాత్రంతా రోడ్డు మీద నిలబడే మీ సిబ్బంది కష్టం తెలిసే అడుగుతున్నాను. ఇలాంటి ఆదేశం మీరూ ఇవ్వండి.

ఇట్లు,
ఒక వాహనదారు