వ్యవసాయ పాఠాలు చెప్పేవాళ్లు మళ్లీ చదువుకోవాలంటే జీతం వదులుకోవాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది హనుమకొండ. ఒక ప్రైవేటు వ్యవసాయ పాలిటెక్నిక్‌లో పదిహేనేళ్లకు పైగా పాఠాలు చెప్పి, నలభై దాటాక విస్తరణ విద్యలో, అంటే కొత్త సాగు పద్ధతులను రైతుల దాకా ఎలా చేర్చాలో చెప్పే సబ్జెక్టులో, పీహెచ్‌డీకి చేరాను. ఈ వయసులో చదువేంటని అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకు నేను చెప్పే జవాబే ఈ ఉత్తరం. చదువుకోవాల్సింది మా వయసువాళ్లే. కానీ చదువుకోవాలంటే ముందు జీతం, ఇల్లు రెండూ వదులుకోవాల్సి వస్తోంది, ఇది మారాలి.

2021–22లో మిర్చి మీద పడ్డ నల్ల తామర పురుగును మన వరంగల్, మహబూబాబాద్, భూపాలపల్లి రైతులు ఇంకా మరిచిపోలేదు. అప్పటిదాకా క్లాసులో ఈ పాఠం సులువుగా ఉండేది. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. ఆ ఏడాది చెన్నారావుపేట దిక్కు నుంచి వచ్చే ఒక పిల్లవాడు పాలిథిన్ కవర్లో మిర్చి పూలు పట్టుకొచ్చి, "మేడం, ముడత లేదు గానీ పూతంతా రాలిపోతున్నది, చూడుండ్రి" అన్నాడు. తెల్ల కాగితం మీద ఒక పువ్వును దులిపితే సన్నటి నల్ల పురుగులు గబగబా నలుదిక్కులా పాకాయి. పుస్తకంలో ఉన్న తామర పురుగు ఆకుల మీద ఉంటుంది, ఇదేమో పూతలో చేరింది. బయటి దేశం నుంచి వచ్చిన త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త జాతి అని శాస్త్రవేత్తలు తేల్చారు. అప్పటికే ఆ పిల్లవాడి నాయిన మూడు రకాల మందులు కలిపి కొట్టేశాడట. ఎవరు చెప్పారంటే మందుల దుకాణం సేటు. ఆయన మాటే ఎందుకు విన్నారంటే, ఉద్దెర ఇచ్చేది ఆయనే.

పురుగు పేరు ఏంటో ఒక ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. రైతు ఎవరి మాట వింటాడు, ఎందుకు వింటాడు అన్నది ఫోన్లో తేలదు, ఊళ్లు తిరిగి, ఒక్కొక్కరి దగ్గరా కూర్చొని అడిగి, లెక్కకట్టి చూడాలి, దానికి తగిన శిక్షణ ఉండాలి. నేను పీహెచ్‌డీకి వెళ్లింది అందుకే. విస్తరణ విద్య చదివిన ప్రతివాళ్లకూ ఒక లెక్క కంఠతా వచ్చు. కొత్త పద్ధతిని అందరికన్నా ముందు అందుకునేవాళ్లు 2.5 శాతం, వాళ్ల వెనక 13.5, తర్వాత 34, ఇంకో 34, చివరికి మిగిలేవాళ్లు 16 శాతం. నర్సంపేట చుట్టుపక్కల ఇంటర్వ్యూలు చేస్తుంటే ఆ చివరి వరుసలో నాకు ఎక్కువగా కనిపించింది కౌలు రైతులు. పాసుపుస్తకం వేరేవాళ్ల పేరు మీద ఉంటుంది, బ్యాంకు లోన్ రాదు. పురుగులు అంటుకునే నీలి రంగు జిగురు అట్టలు పెట్టాలని వాళ్లకు బాగా తెలుసు, పోయిన సీజన్ బాకీ తీరేదాకా సేటు ఇచ్చిన మందే తెచ్చుకోవాలి మరి. ఇలాంటి రైతును వెనకబడ్డవాడని బోర్డు మీద రాసి ఊరుకోవడం నాకిక చేతకాదు. రేపు క్లాసులో ఈ పాఠం ఇంకో తీరుగా చెప్తాను.

చదువు తేలికేం కాదు. అత్తమ్మ పిల్లలను చూసుకోకపోతే ఒక్క సెమిస్టర్ కూడా గడిచేది కాదు. నా దగ్గర డిప్లొమా చదివి, అగ్రిసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీఎస్సీకి వెళ్లిన అమ్మాయి పీహెచ్‌డీలో నాకు సీనియర్. రాత్రి హాస్టల్లో భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెచ్చుకొని నా పక్కన కూర్చొని, ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో రిగ్రెషన్ లెక్క ఎట్లా చేయాలో ఎంత ఓపికగా చూపించేదో. మేం ఎమ్మెస్సీ చేసిన రోజుల్లో ఇదంతా కాలిక్యులేటర్‌తో నడిచేది.

చదువు టెన్షన్ ఎట్లాగో భరించవచ్చు. కాలేజీ ఇచ్చింది జీతం లేని సెలవు, అదీ ఎన్‌ఓసీ కోసం ఎండాకాలమంతా తిప్పించుకున్నాక. తిరిగొస్తే నా పోస్టు నాకుంటుందని కాగితం మీద రాసివ్వమంటే ఇవ్వలేదు. ఇది చూసి చదువు ఆలోచనే మానుకున్నవాళ్లు మా స్టాఫ్ రూంలోనే ఉన్నారు, ఎక్కువమంది ఆడవాళ్లే.

ఎరువులు, పురుగుమందుల డీలర్లకు డేసి డిప్లొమా ఉంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ దాన్ని 2003లో మొదలుపెట్టింది. వారానికి ఒక్క రోజు చొప్పున 48 వారాలు, డీలరు తన వ్యాపారం చూసుకుంటూనే దగ్గర్లోని కేంద్రంలో చదువుకుంటాడు. మంచి ఏర్పాటు, రైతు చేతికి మందు ఇచ్చేవాళ్లకు ఆ చదువు ఉండాల్సిందే. మరి రేపటి డీలర్లకు, రేపటి ఏఈఓలకు (వ్యవసాయ విస్తరణ అధికారులకు) పాఠం చెప్పేవాళ్ల కోసం అలాంటి ఏర్పాటు ఎందుకు చేయరు? రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు, ఐదు వేల ఎకరాలకు ఒక ఏఈఓను పెట్టారు. వాళ్లలో చాలామంది మా పాలిటెక్నిక్‌ల నుంచి వచ్చిన పిల్లలే కదా.

ల్యాబ్ పని ఉండే సబ్జెక్టులకు పెద్ద క్యాంపస్‌కు వెళ్లక తప్పదు, కాదనను. విస్తరణ విద్యకు మాత్రం ఊరే ల్యాబ్. వరంగల్‌లో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, జగిత్యాల దగ్గర పొలాసలో ఇంకొకటి ఉంది. వరంగల్ సన్నాలు, జగిత్యాల సన్నాలు అనే వరి రకాలు ఇచ్చిన కేంద్రాలవి. ఉద్యోగం చేస్తున్నవాళ్ల కోసం కోర్సు వర్క్ అక్కడే శని, ఆదివారాల్లో పెట్టండి, కావాలంటే ఒక సెమిస్టర్ ఎక్కువ పట్టనివ్వండి. థీసిస్ సొంత జిల్లాలో, సొంత జిల్లా సమస్య మీద చేయనివ్వండి. ప్రమాణాలు తగ్గించమని మాత్రం అడగడం లేదు, పరీక్షలు, వైవా అందరికీ ఉన్నట్టే మాకూ ఉండాలి. చదువు కోసం ఉద్యోగానికి సెలవు పెట్టే కాలానికి సగం జీతమైనా రావాలి. చదువు ముగించుకొని వచ్చినవాళ్ల పోస్టు వాళ్లకే ఇవ్వాలన్న షరతు, ప్రైవేటు పాలిటెక్నిక్‌లకు గుర్తింపు ఇచ్చేటప్పుడే పెట్టాలి.

వచ్చే అడ్మిషన్ల నోటిఫికేషన్ లోపే ప్రభుత్వమూ వ్యవసాయ విశ్వవిద్యాలయమూ దీని మీద ఒక నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను. ఆ నోటిఫికేషన్ కోసం చూస్తున్నవాళ్లలో మహబూబాబాద్ దగ్గర పనిచేసే ఒక తోటి లెక్చరర్ కూడా ఉంది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి, క్లాసులు వరంగల్‌లో ఉంటే మాత్రం తప్పకుండా చేరతానంటోంది.

ఇట్లు,
ఒక వ్యవసాయ అధ్యాపకురాలు,
హనుమకొండ