ఇంటర్ గ్రూపు సంగతి పదో తరగతిలోనే చెప్పాలి

సంపాదకులకు,

నేను జెడ్పీ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పదో తరగతి పరీక్షలు కాకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇళ్లకు వెళ్లి సీట్లు బుక్ చేయించేస్తున్నారు. "బైపీసీ అంటే డాక్టరే, నీట్ రాకపోతే ఇంక దారే లేదట కదా టీచర్?" అని మొన్న ఒక తల్లి కంగారుగా అడిగింది. వాళ్ల పాపకు మైక్రోస్కోపు దొరికితే చాలు, ఉల్లిపొర కణాలు చూసి భాగాలన్నీ గుర్తించి బొమ్మ వేస్తుంది. అలాంటి పిల్లకు ఎప్‌సెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్షతో అగ్రికల్చర్ బీఎస్సీ, ఫార్మ్-డి (ఫార్మసీ డిగ్రీ), బయోటెక్నాలజీ ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. ఎంపీసీతోనూ బీఫార్మసీ చదవొచ్చని చాలామందికి తెలియదు.

విద్యాశాఖ డిసెంబరులోగా ప్రతి హైస్కూల్లో తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఏ గ్రూపు ఏ కోర్సుకు పనికొస్తుందో చెప్పించాలి. ఫీజు కట్టేముందు కాలేజీలో ల్యాబ్ చూడమని కూడా గట్టిగా చెప్పాలి.

– ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం జిల్లా