స్టిక్కర్ తీసిన వెంటనే బ్యాటరీ బిళ్ళ వేయకండి

సంపాదకులకు నమస్కారం.

నేను ఏడేళ్ళుగా రెండు చెవులకూ వినికిడి యంత్రాలు వాడుతున్నాను. వాటిని అమర్చిన రోజున చెవిలో ఎలా పెట్టుకోవాలో, శబ్దం ఎలా పెంచుకోవాలో ఎంతో ఓపికగా నేర్పారు గాని, బ్యాటరీ గురించి మాత్రం ‘అయిపోతే మార్చుకోండి’ అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నారు. దాని ఫలితంగా మొదటి రెండేళ్ళూ చాలా బ్యాటరీ బిళ్ళలను చేతులారా పాడుచేసుకున్నాను.

ఈ యంత్రాల్లో వేసే జింక్-ఎయిర్ బిళ్ళ గోడ గడియారంలో వేసే బ్యాటరీ లాంటిది కాదు. ఇది పనిచేయాలంటే బయటి గాలిలోని ఆక్సిజన్ కావాలి. బిళ్ళకు ఒకవైపు కంటికి ఆనీ ఆననంత సన్నని రంధ్రాలుంటాయి. వాటిని మూసి ఉంచడానికే ఆ రంగు స్టిక్కర్. (బిళ్ళ సైజును బట్టి 10 నంబరుకు పసుపు, 312కు గోధుమ, 13కు నారింజ, 675కు నీలం. చెవితోపాటు చూపూ మందగించిన నాలాంటివారికి అంకెల కన్నా ఈ రంగులే ఆధారం.) స్టిక్కర్ ఊడదీసిన క్షణం నుంచి లోపల రసాయన చర్య మొదలవుతుంది, తిరిగి అంటించినా అది పూర్వస్థితికి రాదు. ఈ సంగతి తెలియక, ప్రయాణంలో వేళ్ళు వణికి స్టిక్కర్ రాదేమోనని నాలుగు బిళ్ళలకు ఇంట్లోనే స్టిక్కర్లు తీసి డబ్బీలో పెట్టుకుని వెళ్ళిన ఘనుణ్ణి నేను.

ఇక అందరం చేసే తప్పు తొందర. స్టిక్కర్ తీశాక బిళ్ళను రంధ్రాలు పైకి ఉండేలా కాగితం మీద పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, ఆ తర్వాతే యంత్రంలో వేయాలి. గాలి తగినంత లోపలికి చేరితే గాని వోల్టేజి పుంజుకోదు. ఆలోగా మూత బిగిస్తే కొత్త బిళ్ళకే ‘బ్యాటరీ తక్కువ’ అన్న హెచ్చరిక వినిపించవచ్చు, మనం దాన్ని నాసిరకమని పారేస్తాం. నూనె చేతులతో, తడి చేతులతో తాకినా ఆ రంధ్రాలు పూడుకుపోతాయి కాబట్టి చేతులు తుడుచుకుని పట్టుకోవడం మేలు.

రాత్రి యంత్రం తీసినప్పుడు బ్యాటరీ మూత పూర్తిగా తెరిచి ఉంచాలి. దానివల్ల విద్యుత్తు వాడకం ఆగుతుంది, లోపల చేరిన చెమ్మ ఆరుతుంది. తేమను పీల్చే గుళికల డబ్బాలో యంత్రాన్ని పెట్టేవారు మాత్రం బిళ్ళను బయటికి తీసి పెట్టాలి, ఎందుకంటే ఆ గుళికలు యంత్రంలోని చెమ్మతోపాటు బిళ్ళ పనిచేయడానికి అవసరమైన తడిని కూడా లాగేస్తాయి. బిళ్ళలను ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువకాలం ఉంటాయన్న మాట నేనూ నమ్మాను. కాని బయటికి తీయగానే వాటిపై పట్టే నీటి చెమ్మ మేలు కన్నా కీడే చేస్తుంది. గది ఉష్ణోగ్రతలో, పొడిగా ఉన్నచోట ఉంచితే చాలు. జేబులో చిల్లర, తాళాలతో కలిపి వేసుకుంటే షార్ట్ అవుతాయి.

ఇన్ని జాగ్రత్తలు పడినా ఒకరికి వచ్చినన్ని రోజులు మరొకరికి రావు. వినికిడి లోపం ఎక్కువైన కొద్దీ, బ్లూటూత్‌తో ఫోన్ మాటలూ పాటలూ వినే సమయం పెరిగిన కొద్దీ బిళ్ళ త్వరగా అయిపోతుంది. అందుకే నేను తీసిన స్టిక్కర్‌ను క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో అంటిస్తున్నాను. ఈ జింక్ బిళ్ళ చివరిదాకా ఒకే తీరుగా పనిచేసి హఠాత్తుగా ఆగిపోతుంది గనుక, గడులు లెక్కపెట్టి ముందురోజే ఒక బిళ్ళ జేబులో వేసుకుంటాను. రోజులు అకారణంగా తగ్గితే లోపం యంత్రంలో ఉందేమో చూపించుకోవాలని కూడా ఆ క్యాలెండరే చెబుతుంది.

వినికిడి యంత్రాలు అమర్చేవారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. బిళ్ళల ప్యాకెట్ చేతికిచ్చి పంపేయకుండా, ఒక్క బిళ్ళకు స్టిక్కర్ మా చేతే తీయించి, ఆ ఐదు నిమిషాలూ మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి, తర్వాత మా చేతే యంత్రంలో వేయించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు