ఆ రోజు నాకు మాత్రలు ఇవ్వని చెల్లికి

హనుమకొండ మందుల షాపులో కలిసిన చెల్లీ, నీ పేరు కూడా అడగలేదు నేను.

నాన్న పోయాక నిద్ర పట్టడం లేదంటే డాక్టరు గారు అల్ప్రాజోలం రాశారు, రెండు వారాలకే. నేను ఎనిమిది నెలలు మింగాను. రాత్రికి ఒకటి కాస్తా మూడయ్యాయి. అదే పాత చీటీ చూపిస్తే మా వీధి షాపులో ఎవరూ ఏమీ అనలేదు.

నువ్వు మాత్రం మడతల దగ్గర చిరిగిన ఆ చీటీ మీద తేదీ పక్కన వేలు పెట్టి, "అక్కా, ఇది పాతది. ఇవి షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవి, రిజిస్టర్‌లో రాయాలి. దీనిమీద ఇవ్వలేను" అన్నావు. నేను అరిచాను. వెనక నలుగురు చూస్తున్నారు. నువ్వు గొంతు పెంచలేదు. స్టూలు వేసి, మంచినీళ్లిచ్చి, "ఒక్కసారిగా మాత్రం ఆపేయకండి అక్కా, ఫిట్స్ రావచ్చు. ఇవాళే డాక్టరుకు చూపించుకోండి" అన్నావు. ఆ మాట చెప్పకపోతే కోపంలో ఆ రాత్రే మానేసేదాన్ని.

మందుల కవరు మీద నీలం పెన్నుతో 14416 అని రాసిచ్చావు. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలి మానస్ నంబరు అది. అక్కడ తెలుగులోనే మాట్లాడారు, తప్పు పట్టలేదు. తర్వాత సైకియాట్రిస్టు డోసు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఐదు నెలల్లో మాన్పించారు. నాది డిప్రెషన్ అట. నిద్ర లేకపోవడం దాని లక్షణమే. దానికి వైద్యం నడుస్తోంది.

మొన్న వస్తే నువ్వక్కడ మానేశావన్నారు. ఆ కవరు ఇంకా నా పర్సులోనే ఉంది. ఇది నీ కంట పడాలని రాస్తున్నాను. అరిచినందుకు క్షమించు చెల్లీ. చాలా చాలా థాంక్స్.