కాన్పు గదిలోనే శిక్షణ ఇవ్వండి

సంపాదకునికి,

పాడేరు నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు రెఫర్ చేయడం కాగితం మీద ఒక్క మాట. దారి మాత్రం ఘాట్‌రోడ్డుతో కలిపి వంద కిలోమీటర్ల పైమాటే. కాన్పయ్యాక గర్భసంచి బిగుసుకోకపోతే రక్తం ఆగక రెండు గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు.

నేను రిటైరైన స్టాఫ్ నర్సుని. ఒక రాత్రి తడిసిన గుడ్డలు చూసి ‘మామూలే’ అనుకున్నాం. ‘అమ్మా, మంచం కింద చూడండి’ అని ఆయా అరిచేదాకా ఎవరం వంగలేదు. ఆ తల్లి బతికింది, మా తెలివి వల్ల మాత్రం కాదు.

కంటి అంచనా అలా మోసం చేస్తుంది. కొలగీతలున్న ప్లాస్టిక్ సంచి నడుం కింద పరిస్తే పోయిన రక్తం 500 మిల్లీలీటర్లు దాటడం ఇట్టే తెలుస్తుంది. ఆ వెంటనే గర్భసంచి మర్దనా, దాన్ని బిగించే మందు ఆక్సిటోసిన్, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, చిరుగులూ మాయ ముక్కలూ ఉన్నాయేమో చూడటం, అన్నీ కలిపి చేయాలి. ఆఫ్రికాలోని నాలుగు దేశాల్లో ఇలా చేస్తే తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోయడం, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయని 2023లో తేలింది.

హోటల్ హాల్లో స్లైడ్లు చూపి బిర్యానీ పెట్టి పంపే శిక్షణ వద్దు. పీహెచ్‌సీలోనే, నైట్ డ్యూటీ వాళ్ల చేత, బొమ్మ మీద చేయించండి. పనిలో పనిగా ఆక్సిటోసిన్ ఉన్న ఫ్రిజ్ కూడా తెరిచి చూడండి. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు. ఏజెన్సీలో కరెంటు సంగతి అందరికీ తెలిసిందే.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, మహారాణిపేట, విశాఖపట్నం