పాండా పిల్లల ఫొటో పక్కన అడవి లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ అంతర్జాతీయ పేజీలో వరసగా పడుకోబెట్టిన పాండా పిల్లల ఫొటో వేశారు. ఇంట్లో అందరం ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చూశాం. కింద మాత్రం ‘అంతరించే ముప్పు తప్పినట్టే’ అని రాశారు. నా పేచీ ఆ ఒక్క మాటతోనే.

నేను పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఆవుల, గేదెల ఎద లెక్కలతోనే నా ఉద్యోగం గడిచిపోయింది. గేదె ఎద ఒకసారి తప్పిపోతే మూడు వారాలు ఆగితే సరిపోతుంది. పాండాకైతే ఏడాది ఆగాలి. ఆడ పాండా వసంతంలో ఒక్కసారే ఎదకు వస్తుంది. అందులోనూ చూలు కట్టే వీలుండేది ఒకటి నుంచి మూడు రోజులే. అందుకే చైనాలోని పెంపక కేంద్రాల్లో దాని మూత్రం పట్టి హార్మోన్లు చూస్తూ కాపలా కాస్తారు. చూలు కట్టాక కూడా టెన్షన్ తీరదు. పిండం గర్భసంచి గోడకు వెంటనే అంటుకోదు కాబట్టి ఎప్పుడు ఈనుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. కొన్నిసార్లు అసలు చూలే ఉండదు. అయినా తిండి తగ్గించి, గూడు సర్దుకుని డాక్టర్లందరినీ బోల్తా కొట్టిస్తుంది.

ఇంత తంటాలు పడితే పుట్టే పిల్ల వంద గ్రాములు ఉంటుంది, తల్లి బరువులో సుమారు 900వ వంతు. దాదాపు సగం కాన్పుల్లో కవలలు పుడతాయి. తల్లి ఒకదాన్నే చేరదీసి రెండోదాన్ని వదిలేస్తుంది. దీనికి చెంగ్డూ కేంద్రంలో వాడే ఉపాయం నాకు భలే ఇష్టం. తల్లి ముందు తేనె నీళ్ల గిన్నె పెడతారు. అది నాకుతూ ఉండగా ఒడిలోని పిల్లను మెల్లగా తీసి, ఇంక్యుబేటర్‌లో ఉన్న రెండోదాన్ని పెడతారు. ఇలా మార్చి మార్చి పెడుతుంటే తన దగ్గర ఒకటే ఉందనుకుని తల్లి రెండింటినీ పెంచేస్తుంది. ఈ కేంద్రం 1987లో అడవి నుంచి కాపాడి తెచ్చిన 6 పాండాలతో మొదలైంది. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద మనుషుల సంరక్షణలో ఉన్నవి 700 దాటాయి. ఆ శాస్త్రజ్ఞులకు చేతులెత్తి దండం పెట్టాల్సిందే.

అయితే ఈ 700 అడవిలో ఉన్నవి కావు. పుట్టించినంత సులువుగా వాటిని అడవికి పంపలేకపోతున్నారు. 2006లో షియాంగ్ షియాంగ్ అనే మగ పాండాను మొదటిసారి అడవిలో వదిలారు. ఏడాది తిరక్కుండానే చనిపోయింది. అడవి పాండాలతో పోట్లాటే కారణమని తేల్చారు. ఆ తర్వాత పద్ధతి మార్చారు. పిల్లకు మనిషి అలవాటు కాకూడదని పనివాళ్లు పాండా వేషం తొడుక్కుని, దానికి పాండా మూత్రం పట్టించి మరీ దగ్గరికి వెళతారు. అలా తయారుచేసిన తావో తావోను 2012లో వదిలారు. ఇన్నేళ్లయినా అడవికి పంపగలిగినవి కొన్నే.

అడవి లెక్కకు వద్దాం. చైనా చేసిన మూడో జాతీయ గణనలో 1,596 పాండాలు తేలాయి. 2011–14 మధ్య చేసిన నాలుగో గణనలో 1,864. అది మంచి వార్తే. 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య పాండాను ‘అంతరించే ప్రమాదంలో ఉన్నవి’ అనే వర్గం నుంచి ఒక మెట్టు దించింది. ఒక మెట్టే, ముప్పున్న జంతువుల జాబితా నుంచి తీసెయ్యలేదు. మీ పేజీలో రానిది మరొకటి ఉంది. ఆ 1,864 పాండాలు ఒక్కచోట లేవు, 33 ముక్కలుగా ఉన్నాయి. వాటిలో 18 ముక్కల్లో పదేసి కూడా లేవు. మధ్యలో రోడ్లు, ఊళ్లు, పొలాలు, డ్యాములు.

ఈ ముక్కలు ఎందుకు ప్రమాదమో తెలియాలంటే పాండా తిండి అయిన వెదురు సంగతి చూడాలి. కొండంతా ఒకే జాతి వెదురు దశాబ్దాలకోసారి ఒక్కసారిగా పూసి ఎండిపోతుంది. 1980ల్లో సిచువాన్‌లో అలాగే జరిగింది. పూర్వమైతే పాండా పక్క కొండకు పోయి ఇంకో జాతి వెదురు తినేది. ఇప్పుడు పక్క కొండకు దారేదీ? తిన్న వెదురులో సుమారు 17 శాతమే అరిగించుకునే జంతువుకు ఎక్కువ రోజులు పస్తులుండే ఓపిక ఉండదు. 2021లో చైనా పాండా జాతీయ పార్కును ఏర్పాటు చేసింది ఈ ముక్కలను కలపడానికే. మూడు రాష్ట్రాల్లో సుమారు 22,000 చదరపు కిలోమీటర్లు. పత్రికలు కన్నేసి ఉంచాల్సింది దాని మీద.

రోగాల సంగతి మా వృత్తివాళ్లకే ఎక్కువ పడుతుందేమో. 2014 చివర్లో షాన్‌షీలోని ఒక సంరక్షణ కేంద్రంలో డిస్టెంపర్ సోకింది. కుక్కపిల్లలకు మేం టీకా వేసే జబ్బే. 6 పాండాలకు సోకితే 5 చనిపోయాయి. బతికిన ఒక్కదానికీ అంతకుముందే టీకా పడింది. అలాంటిది పదిలోపు పాండాలున్న కొండకు ఈ జబ్బు పాకితే ఏమవుతుంది? ఆ అడవుల అంచున తిరిగే కుక్కలకు టీకాలు వేయించడం కూడా పాండాను కాపాడే పనే. దానికి ఎవరూ ఫొటోలు తీయరు.

ఇంకొక్క సంగతి. పాండాను కాపాడితే మిగతావన్నీ దాని నీడలో బతుకుతాయని చాలాకాలం చెప్పారు. 2020లో వచ్చిన ఒక పరిశోధన చూస్తే, అవే రక్షిత అడవుల పరిధిలో చిరుతల జాడ 81 శాతం, రేచుకుక్కలది 95 శాతం తగ్గిపోయింది.

పాండా పిల్లల ఫొటోలు మానమని నేననను, మా ఇంట్లో ఊరుకోరు. ఈసారి వేసినప్పుడు పక్కన చిన్న పెట్టె కట్టి అందులో ఆ 33 ముక్కల మ్యాపు వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు